63-3: మైదానంలోకి దిగకముందే తేలిపోయిన ఆరెంజ్ బౌల్

సంక్షిప్తంగా: అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో 2023 డిసెంబరు 30న జరిగిన ఆరెంజ్ బౌల్‌లో జార్జియా యూనివర్సిటీ 63-3తో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీని చిత్తు చేసింది. బౌల్ మ్యాచ్‌ల (సీజన్ ముగిశాక జట్లను పిలిచి ఆడించేవి) చరిత్రలో ఇంత తేడా అంతకుముందు లేదు. ఆ సీజన్‌లో అప్పటిదాకా ఓటమి ఎరగని జట్టు ఇలా ఎందుకు కూలిందో ఆట చూసి తెలుసుకోవడం కష్టం. అంతకుముందు నాలుగు వారాల్లో ఏం జరిగిందో చూస్తే తేలిగ్గానే అర్థమవుతుంది. ప్లేఆఫ్‌లో చోటు పోవడం, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను వరసగా ఎంచుకునే డ్రాఫ్ట్ లెక్కలు, ఆటగాళ్ల బదిలీలు ఒకేసారి వచ్చిపడ్డాయి. ప్లేఆఫ్‌ను 12 జట్లకు పెంచాక కూడా మిగతా బౌల్ మ్యాచ్‌లకు ఈ చిక్కు తీరలేదు.

ఆ రోజు ఆడిందెవరు

మియామీ గార్డెన్స్‌లోని హార్డ్ రాక్ స్టేడియంలో సగం ఆట అయ్యేసరికే స్కోరు 42-3. ఈ ఆటలో బంతిని ప్రత్యర్థి చివరి గీత దాటిస్తే 6 పాయింట్లు, దాన్నే టచ్‌డౌన్ అంటారు. ఆ వెంటనే కొట్టే కిక్ గోల్ స్తంభాల మధ్య నుంచి పోతే ఇంకో పాయింటు. జార్జియా 63 అంటే తొమ్మిది టచ్‌డౌన్లు, తొమ్మిది కిక్కులు. ఫ్లోరిడా స్టేట్‌కు దక్కిన 3 పాయింట్లు ఒకే ఒక్క ఫీల్డ్ గోల్‌తో (టచ్‌డౌన్ లేకుండానే స్తంభాల మధ్యకు కొట్టే కిక్) వచ్చినవి. అంతకుముందు పోస్ట్‌సీజన్‌లో అతి పెద్ద తేడా 58. అది కూడా జార్జియాదే: అదే ఏడాది జనవరి 9న జాతీయ ఫైనల్లో టీసీయూ (టెక్సాస్ క్రిస్టియన్ యూనివర్సిటీ) మీద 65-7.

స్కోరు కంటే ముందు చూడాల్సింది ఆటగాళ్ల జాబితా. ఫ్లోరిడా స్టేట్ ప్రధాన క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ దాడిని నడిపించేవాడు) జోర్డన్ ట్రావిస్ నవంబరు 18న నార్త్ అలబామాతో మ్యాచ్‌లో కాలు విరగ్గొట్టుకున్నాడు. అతని బదులు ఆడిన టేట్ రోడ్‌మేకర్ బౌల్‌కు ముందే వేరే యూనివర్సిటీకి మారాలనుకునేవాళ్ల బదిలీ జాబితాలో పేరు రాయించుకున్నాడు. బంతి అందుకునే కియాన్ కోల్‌మన్, జానీ విల్సన్, జహీమ్ బెల్ లేరు. బంతి పట్టుకుని పరిగెత్తే ట్రే బెన్సన్ లేడు. డిఫెన్స్‌లో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌ను హడలెత్తించే జేరెడ్ వర్స్ కూడా లేడు. వీళ్లతో కలిపి రెండు డజన్లకు పైగా ఆటగాళ్లు దూరమయ్యారు. దాడికి పదకొండు మంది, డిఫెన్స్‌కు వేరే పదకొండు మంది ఉండే ఆటలో ఇది దాదాపు ఒక మొదటి జట్టు మొత్తం లేనట్టే. పగ్గాలు మొదటి ఏడాది విద్యార్థి బ్రాక్ గ్లెన్ చేతికొచ్చాయి.

మ్యాచ్ తర్వాత జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్ గెలిచిన ఆనందం కంటే ఈ పద్ధతి మీద అసహనమే ఎక్కువ చూపించాడు. జరిగింది అందరూ చూడాలి, దీన్ని సరిచేయాలి అన్నది అతని మాటల సారాంశం. 60 పాయింట్లతో గెలిచిన కోచ్ నోట అలాంటి మాట మామూలుగా రాదు.

బౌల్ మ్యాచ్ పుట్టుక

లీగ్ సీజన్ ముగిశాక, వేర్వేరు కాన్ఫరెన్సుల (యూనివర్సిటీ జట్లు కలిసి ఆడే లీగ్‌ల) జట్లను ఒక తటస్థ నగరానికి పిలిచి ఆడించే మ్యాచ్‌ని బౌల్ అంటారు. మొదటిది 1902లో కాలిఫోర్నియాలోని పాసడీనాలో జరిగింది. దేశమంతా చలికి వణుకుతుంటే తమ ఊళ్లో పూలు పూస్తాయని చాటుకోవడానికి అక్కడివాళ్లు ఏటా ఉత్సవం చేసేవారు. ఆ ఉత్సవానికి ఆకర్షణగా మిషిగన్, స్టాన్‌ఫర్డ్ జట్లను పిలిచారు. మిషిగన్ 49-0తో ఉండగా, సమయం మిగిలి ఉండగానే స్టాన్‌ఫర్డ్ చేతులెత్తేసింది. విసిగిపోయిన నిర్వాహకులు ఫుట్‌బాల్ మానేసి కొన్నేళ్లు రథాల పందేలు పెట్టారు. ఆట మళ్లీ 1916లోనే వచ్చింది. ఏకపక్ష బౌల్ మ్యాచ్ 2023లో పుట్టిన రోగమేమీ కాదు.

1930ల ఆర్థిక మాంద్యంలో వెచ్చటి వాతావరణం ఉన్న మిగతా ఊళ్లూ ఇదే బాట పట్టాయి. 1935 జనవరి 1న మియామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్, ఎల్ పాసోలో సన్ బౌల్ మొదలయ్యాయి. 1937లో డల్లాస్‌లో కాటన్ బౌల్ వచ్చింది. హోటళ్లు నిండాలి, పర్యాటకులు రావాలి, అదీ ఉద్దేశం. జాతీయ విజేతను తేల్చే పని బౌల్స్‌కు ఎవరూ అప్పగించలేదు. ఆ పని పాత్రికేయుల ఓట్లతో జరిగేది. 1960ల మధ్య వరకూ అసోసియేటెడ్ ప్రెస్ తుది ర్యాంకుల ఓటింగ్ బౌల్స్ మొదలవకముందే ముగిసేది. అంటే చాలాకాలం పాటు బౌల్‌లో గెలిచినా ఓడినా కిరీటం చేతులు మారేది కాదు.

ఓటింగ్ బౌల్స్ తర్వాతకి మారాక వీటికి నిజమైన బరువు వచ్చింది. 1998 నుంచి బీసీఎస్ పద్ధతిలో మొదటి రెండు ర్యాంకుల జట్లు ఒక మ్యాచ్‌లో తేల్చుకునేవి. 2014 సీజన్‌తో నాలుగు జట్ల ప్లేఆఫ్ వచ్చింది. ఇక్కడే మార్పు ఉంది. కిరీటానికి దారి స్పష్టమైన కొద్దీ, ఆ దారిలో లేని మ్యాచ్‌ల విలువ పడిపోయింది. ఐపీఎల్‌లో ప్లేఆఫ్ ఆశ పోయిన జట్టు చివరి లీగ్ మ్యాచ్‌కి కొత్త కుర్రాళ్లను దించినట్టే ఇక్కడా జరగడం మొదలైంది. కాకపోతే అక్కడ ఆడనిచ్చేదీ ఆపేదీ జట్టు. ఇక్కడ ఆటగాళ్లే తమంతట తాము తప్పుకుంటారు.

డిసెంబరు 3న ఏం జరిగింది

ఫ్లోరిడా స్టేట్ 2023 సీజన్‌లో 13కి 13 గెలిచి అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్ (ఏసీసీ) టైటిల్ సాధించింది. అయినా 13 మంది ఎంపిక కమిటీ మిషిగన్, వాషింగ్టన్, టెక్సాస్, అలబామాలకు ఓటేసి ఈ జట్టును ఐదో స్థానంలో పెట్టింది. ఐదు పెద్ద కాన్ఫరెన్సుల్లో ఒకదాన్ని ఓటమి లేకుండా గెలిచిన జట్టుకు నాలుగు జట్ల ప్లేఆఫ్‌లో చోటు దక్కకపోవడం అదే మొదటిసారి. ఫ్లోరిడా రాష్ట్రంలో రాజకీయ నాయకులు కూడా దీని మీద గొంతెత్తారు.

కమిటీ తర్కం విచిత్రంగా కనిపించినా దానికో వరస ఉంది. డిసెంబరు 2న అలబామా 27-24తో జార్జియాను ఓడించి 29 మ్యాచ్‌ల జైత్రయాత్రకు తెర దించింది. దాంతో అలబామాను పక్కన పెట్టడం కష్టమైంది. కానీ సెప్టెంబరులో అలబామాను దాని సొంతగడ్డ మీదే టెక్సాస్ 34-24తో ఓడించింది కాబట్టి, అలబామాను తీసుకుంటే టెక్సాస్‌ని వదలలేరు. మిషిగన్, వాషింగ్టన్ అజేయంగా ఉన్నాయి. అలబామా, టెక్సాస్ రెండిటికీ చోటు కావాలి, మిగిలినవి రెండే సీట్లు. బయటికి పోవాల్సింది ఫ్లోరిడా స్టేటే.

దీనికి కమిటీ వాడుకున్న నియమం కీలక ఆటగాళ్లు అందుబాటులో లేకపోతే దాన్ని పరిగణించవచ్చన్నది. ట్రావిస్ లేని జట్టు ఏసీసీ ఫైనల్లో లూయీవిల్ మీద 16-6తో గెలిచింది, అదీ డిఫెన్స్ పుణ్యాన. ఫ్లోరిడా స్టేట్ అభిమానులు 2014 నాటి ఒహాయో స్టేట్‌ను గుర్తుచేశారు. ఆ జట్టు కూడా మూడో క్వార్టర్‌బ్యాక్ కార్డేల్ జోన్స్‌తో ప్లేఆఫ్‌కి వచ్చింది, చివరికి టైటిలే కొట్టింది. పోలిక బాగానే ఉంది, ఒక్క తేడా తప్ప. జోన్స్ ఆడిన కాన్ఫరెన్స్ ఫైనల్లో ఒహాయో స్టేట్ విస్కాన్సిన్ మీద 59-0తో గెలిచింది.

ఆరెంజ్ బౌల్ అయ్యాక చాలామంది ‘చూశారా, కమిటీ చేసింది కరెక్టే’ అన్నారు. ఈ వాదన నిలబడదు. కమిటీ తూచిన జట్టు వేరు, డిసెంబరు 30న ఆడిన జట్టు వేరు. ప్లేఆఫ్‌లోకి తీసుకుని ఉంటే కోల్‌మన్, వర్స్, బెన్సన్ ఆడకుండా ఉండేవారని అనుకోవడానికి ఆధారం లేదు. ఆ ఫలితం కమిటీ నిర్ణయాన్ని సమర్థించదు, తప్పనీ తేల్చదు. అది ఆ నిర్ణయం పర్యవసానం మాత్రమే.

ఆటగాడి వైపు నుంచి లెక్క

బౌల్ మానేయడం అనే అలవాటుకు మూలం 2016 జనవరి 1న జరిగిన ఫియస్టా బౌల్‌లో ఉంది. నోటర్ డామ్ లైన్‌బ్యాకర్ (డిఫెన్స్ ఆటగాడు) జేలన్ స్మిత్ ఆ ఏటి డ్రాఫ్ట్‌లో మొదటి ఐదుగురిలో ఉంటాడని అందరి అంచనా. ఒహాయో స్టేట్‌తో ఆ మ్యాచ్‌లో అతని మోకాలి లిగమెంట్లు తెగాయి, నరం దెబ్బతింది. డ్రాఫ్ట్‌లో 34వ స్థానానికి పడిపోయాడు. ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కొత్తవాళ్ల జీతం దాదాపుగా డ్రాఫ్ట్ స్థానాన్ని బట్టే ఖరారవుతుంది. ఆ ఏడాది ఐదో స్థానంలో ఎంపికైనవాడి నాలుగేళ్ల కాంట్రాక్టు సుమారు 2.3 కోట్ల డాలర్లు. 34వ స్థానానికి సుమారు 65 లక్షలు. ఒక్క మ్యాచ్ ఖరీదు అది.

అదే ఏడాది డిసెంబరులో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) ఆటగాడు లియోనార్డ్ ఫోర్నెట్, స్టాన్‌ఫర్డ్ ఆటగాడు క్రిస్టియన్ మెకాఫ్రీ తమ బౌల్ మ్యాచ్‌లు ఆడబోమని చెప్పారు. జట్టును నడిరోడ్డు మీద వదిలేశారని తిట్టినవాళ్లు తక్కువ కాదు. 2017 డ్రాఫ్ట్‌లో ఫోర్నెట్ 4వ స్థానంలో, మెకాఫ్రీ 8వ స్థానంలో ఎంపికయ్యారు. బౌల్ మానేసినందుకు ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు శిక్షించవని తేలిపోయింది. ఆ చలికాలమే ఆరెంజ్ బౌల్ ఆడిన మిషిగన్ ఆటగాడు జేక్ బట్ మోకాలు దెబ్బతిని ఐదో రౌండుకు జారాడు. 2022 జనవరి 1న షుగర్ బౌల్‌లో ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) క్వార్టర్‌బ్యాక్ మ్యాట్ కొరాల్ చీలమండ గాయంతో మైదానం వీడాడు, డ్రాఫ్ట్‌లో మూడో రౌండు దాకా ఆగాల్సివచ్చింది. ఇలాంటి ప్రతి ఉదంతమూ తర్వాతి బ్యాచ్‌కి పాఠమైంది.

ఆడితే వచ్చేదేమిటి అన్నది లెక్కలో రెండో వైపు. బౌల్ నిర్వాహకులు ఒక్కో ఆటగాడికి ఇవ్వగల కానుకల విలువకు కాలేజీ క్రీడల నియంత్రణ సంస్థ ఎన్‌సీఏఏ పెట్టిన పరిమితి 550 డాలర్లు. హెడ్‌ఫోన్లు, వాచీ, బ్యాగు లాంటివి. కోట్ల డాలర్ల రిస్కుకు ఎదురుగా ఉన్నది అంతే.

అలాగని తప్పుకున్న ప్రతివాడికీ కోట్లు రాలేదు. ఫ్లోరిడా స్టేట్‌నే తీసుకుంటే 2024 డ్రాఫ్ట్‌లో వర్స్ 19వ స్థానంలో, కోల్‌మన్ 33వ స్థానంలో ఎంపికయ్యారు. విల్సన్ ఆరో రౌండు దాకా, బెల్ ఏడో రౌండు దాకా ఎదురుచూశారు. వీళ్లిద్దరి విషయంలో డ్రాఫ్ట్ భయం కంటే ‘ఈ మ్యాచ్‌తో ఒరిగేదేముంది’ అన్న భావనే ఎక్కువ పనిచేసి ఉండాలి.

జార్జియాకూ అదే బాధ, మరి ఎందుకు కూలలేదు

ఈ మ్యాచ్‌లో అందరికంటే ఆసక్తికరమైన ప్రశ్న ఇదే. జార్జియా కూడా ప్లేఆఫ్ పోగొట్టుకున్న జట్టే. 2021, 2022 టైటిళ్లు గెలిచి మూడోదానికి గురిపెట్టి, ఒక్క ఓటమితో ఆరో స్థానానికి పడింది. దాని స్టార్ బ్రాక్ బవర్స్ ఆడలేదు, అమేరియస్ మిమ్స్ ఆడలేదు. రెండో క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ వాండగ్రిఫ్ కెంటకీకి వెళ్లిపోయాడు. మొత్తం మీద పది మందికి పైగానే లేరు. నిరాశ ఒక్కటే కారణమైతే రెండు జట్లూ చతికిలపడాలి కదా.

తేడా జట్లను కట్టిన తీరులో ఉంది. 2021 ఏప్రిల్ నుంచి ఎన్‌సీఏఏ నిబంధన మారి, ఆటగాడు ఒకసారి యూనివర్సిటీ మారినా ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేకపోయింది. అదే ఏడాది జూలై 1 నుంచి తమ పేరు, ఫొటో, గుర్తింపు మీద డబ్బు సంపాదించుకునే హక్కు కూడా వచ్చింది. ఈ రెండు మార్పులను కోచ్ మైక్ నార్వెల్ బాగా వాడుకున్నాడు. వర్స్ ఆల్బనీ నుంచి వచ్చాడు, కోల్‌మన్ మిషిగన్ స్టేట్ నుంచి, విల్సన్ అరిజోనా స్టేట్ నుంచి, బెన్సన్ ఆరెగన్ నుంచి, బెల్ సౌత్ కరోలినా నుంచి. ఆ జట్టు మొదటి వరస గట్టిది, అనుభవం ఉన్నది. ఒక్క సీజన్‌లో గురి కొట్టడానికి కుదిర్చినట్టు ఉండేది. మొదటి వరస పక్కకు తప్పుకుంటే వెనక మిగిలేది పలచని పొర.

జార్జియా ఏటా దేశంలోనే మేటి హైస్కూల్ కుర్రాళ్లను ఏరుకుని రెండు మూడేళ్లు వెనక బెంచీల మీద పెంచుతుంది. వాళ్లకు ఈ మ్యాచ్ ప్రాక్టీసు మ్యాచ్ కాదు, పరీక్ష. వచ్చే ఏడాది మొదటి పదకొండు మందిలో చోటు ఎవరిదో ఇక్కడ తేలుతుంది. క్వార్టర్‌బ్యాక్ కార్సన్ బెక్ కూడా 2024లో మళ్లీ ఇక్కడే ఆడతానని ముందే ప్రకటించాడు. రెండో సగంలో దిగిన గనర్ స్టాక్టన్ ఏడాది తిరిగేసరికి 2025 జనవరిలో షుగర్ బౌల్ క్వార్టర్ ఫైనల్లో జార్జియాకు ప్రధాన క్వార్టర్‌బ్యాక్‌గా ఆడాడు.

ఫ్లోరిడా స్టేట్ తర్వాతి సీజన్ ఈ విశ్లేషణకు బలమిస్తుంది. 2024లో ఆ జట్టు 12 మ్యాచ్‌ల్లో రెండే గెలిచింది. 13-0 నుంచి 2-10కి. ప్లేఆఫ్‌లో చోటు పోయిన కోపం ఒక మ్యాచ్‌కి కారణం కావచ్చు, ఒక సీజన్ మొత్తానికి కాదు. ఆరెంజ్ బౌల్‌లో జనం చూసింది నిజానికి 2024 జట్టునే, ఎనిమిది నెలలు ముందుగా.

మ్యాచ్ ఆపేయొచ్చు కదా?

ఇంత తంటా ఉన్నప్పుడు ఈ మ్యాచ్‌లు ఎందుకు అన్న ప్రశ్న రావడం సహజం. ఏటా 40కి పైగా బౌల్స్ జరుగుతాయి. సీజన్‌లో ఆరు గెలిస్తే అర్హత వచ్చేస్తుంది. డిసెంబరు సెలవుల్లో టీవీకి కాలేజీ ఫుట్‌బాల్‌ని మించిన సరుకు దొరకదు. అందుకే క్రీడల టీవీ చానల్ ఈఎస్‌పీఎన్‌కి చెందిన సంస్థ డజనుకు పైగా బౌల్స్‌ను స్వయంగా నడుపుతోంది. స్టేడియంలో కుర్చీలు ఖాళీగా ఉన్నా టీవీ ముందు జనం ఉంటే దానికి చాలు.

యూనివర్సిటీలకు మాత్రం ఎప్పుడూ లాభమని చెప్పలేం. 2011 జనవరి 1న ఫియస్టా బౌల్ ఆడిన కనెటికట్ యూనివర్సిటీ ఒప్పందం ప్రకారం 17,500 టికెట్లు కొనాల్సివచ్చింది. వాటిలో చాలా మటుకు అమ్ముడుపోలేదు. ఓక్లహోమా చేతిలో 48-20తో ఓడి, 15 లక్షల డాలర్లకు పైగా నష్టంతో ఇంటికొచ్చింది. అయినా కోచ్‌లు బౌల్ కావాలనే అంటారు, ఎందుకంటే దానితో పాటు అదనపు ప్రాక్టీసు రోజులు వస్తాయి. కొత్త కుర్రాళ్లకు అవి బంగారం.

చిన్న బౌల్స్ కొన్ని ఈ పరిస్థితిని ముందే పసిగట్టాయి. ఆరెంజ్ బౌల్‌కు రెండు రోజుల ముందు ఆర్లాండోలో జరిగిన పాప్-టార్ట్స్ బౌల్‌లో మ్యాచ్ అయ్యాక పేస్ట్రీ వేషంలోని మస్కట్ పెద్ద టోస్టర్‌లోకి దిగింది. అందులోంచి బయటికొచ్చిన భారీ పేస్ట్రీని గెలిచిన కాన్సస్ స్టేట్ ఆటగాళ్లు అక్కడికక్కడే తినేశారు. ఆ వీడియో చూసినవాళ్లలో స్కోరు గుర్తున్నవాళ్లు తక్కువ. (28-19, నార్త్ కరోలినా స్టేట్ మీద.) వెటకారంగా తీసుకోనక్కర్లేదు. పాసడీనా పూల ఉత్సవం 1902లో చేసిన పని కూడా ఇలాంటిదే.

12 జట్లయ్యాక

2024 సీజన్ నుంచి ప్లేఆఫ్‌లో 12 జట్లు ఆడుతున్నాయి. ఆ నిబంధన ఒక్క ఏడాది ముందు వచ్చుంటే ఫ్లోరిడా స్టేట్, జార్జియా రెండూ లోపలే ఉండేవి. ఇప్పుడు ఆరెంజ్, రోజ్, షుగర్ వంటి ఆరు పెద్ద బౌల్స్ ప్లేఆఫ్ క్వార్టర్ ఫైనల్స్‌నో సెమీ ఫైనల్స్‌నో నిర్వహిస్తాయి. స్టార్లు మానేసే బెడద వాటికి దాదాపు తీరింది. టైటిల్ ఆశ ఉన్నంతవరకు ఆటగాళ్లు ఆడతారనేది దీంతో రుజువైంది.

బాధంతా మిగతా బౌల్స్ నెత్తిన పడింది. 2024 డిసెంబరులో మార్షల్ యూనివర్సిటీ తన కాన్ఫరెన్స్ టైటిల్ గెలిచిన కొద్ది రోజులకే ఇండిపెండెన్స్ బౌల్ నుంచి తప్పుకుంది. కోచ్ వేరే యూనివర్సిటీకి వెళ్లిపోయాడు, వెంటనే రెండు డజన్లకు పైగా ఆటగాళ్లు బదిలీ జాబితాలో చేరారు. జట్టును దింపడానికి సరిపడా మనుషులు మిగల్లేదు. 2025 డిసెంబరులో 10-2తో ఉన్న నోటర్ డామ్ ప్లేఆఫ్‌కి ఎంపిక కాకపోవడంతో అసలు బౌలే ఆడబోమని ప్రకటించింది. అదే సమయంలో బౌల్ వద్దన్న కాన్సస్ స్టేట్, అయోవా స్టేట్‌లకు బిగ్ 12 కాన్ఫరెన్స్ చెరో 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. 2023లో ఆటగాళ్లు విడివిడిగా చేసిన పని ఇప్పుడు యూనివర్సిటీలే చేస్తున్నాయి.

డబ్బు కూడా కిరీటం వైపే మళ్లింది. 2026 నుంచి ఆరేళ్లకు ప్లేఆఫ్ ప్రసార హక్కుల విలువ 780 కోట్ల డాలర్లు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందం ప్రకారం యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. 2025-26కి ఒక్కో యూనివర్సిటీ పరిమితి సుమారు 2.05 కోట్ల డాలర్లు. జీతం ఇచ్చేవాళ్లు కాంట్రాక్టులో బౌల్ తప్పక ఆడాలన్న షరతు పెట్టుకునే వీలుంది. ఇలాంటి షరతు అందరూ పెడితే తప్ప పనిచేయదు. ఒక్క యూనివర్సిటీయే పెడితే మంచి ఆటగాడు ఆ షరతు లేని చోటికి పోతాడు.

ఇక మిగిలింది క్యాలెండర్. 2023లో బదిలీల తలుపు డిసెంబరు 4న, అంటే ప్లేఆఫ్ జట్లు ప్రకటించిన మర్నాడే తెరుచుకుంది. 2024లో పెన్ స్టేట్ రెండో క్వార్టర్‌బ్యాక్ బో ప్రిబ్యులా తన జట్టు ప్లేఆఫ్ ఆడబోతుండగానే వదిలి వెళ్లాల్సివచ్చింది, ఆగితే వేరేచోట సీటు దొరకదన్న భయంతో. దాంతో ఎన్‌సీఏఏ ఆ తలుపును 2026లో జనవరి 2 నుంచి 16 వరకు జరిపింది. ఇంకా వెనక్కి జరపడం కష్టం. జనవరిలో కొత్త సెమిస్టర్ క్లాసులు మొదలవుతాయి, కొత్త యూనివర్సిటీలో అడ్మిషన్ అప్పటికల్లా పూర్తవ్వాలి. అమెరికాలో చదివే తెలుగు విద్యార్థులకు ఈ స్ప్రింగ్ అడ్మిషన్ గడువులు బాగా తెలిసినవే, ఫుట్‌బాల్ ఆటగాళ్లకూ అవే వర్తిస్తాయి. మార్పు వల్ల డిసెంబరు బౌల్స్‌కు కాస్త ఊపిరి అందింది. కానీ ప్లేఆఫ్ సెమీ ఫైనల్స్ జనవరి 8, 9 తేదీల్లో, సరిగ్గా ఆ తలుపు తెరిచి ఉన్నప్పుడే పడ్డాయి.